కప్పుకూ కాటాకూ లెక్క కుదిర్చిన ఫానీ ఫార్మర్

కేకు చేద్దామని పుస్తకం ముందు పెట్టుకున్నారు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు చక్కెర, అరకప్పు వెన్న అని రాసి ఉంది. ఏ కప్పు? టీ తాగే కప్పా, పిల్లలు పాలు తాగే కప్పా, బియ్యం డబ్బాలో పడేసి ఉంచే స్టీలు గ్లాసా? సరే, ఏదో ఒకటి తీసుకున్నారనుకోండి. కుప్పగా పోయాలా, అంచు దాకా పోస్తే చాలా? నొక్కి నింపాలా, వదులుగా వదిలేయాలా? పోనీ ఇంకో పుస్తకం చూద్దామంటే అందులో అసలు కప్పులే లేవు, అన్నీ గ్రాములు. మూడో దాంట్లో ఔన్సులు!

పులుసు దగ్గర మనకీ గొడవ లేదు. నిమ్మకాయంత చింతపండు, తగినంత ఉప్పు, చిటికెడు ఇంగువ అంటే తెలుగింటి ఆడపిల్లకి అర్థమైపోతుంది. ఉప్పు తగ్గితే ఇంకాస్త వేస్తాం, పులుపు ఎక్కువైతే బెల్లం ముక్క పడేస్తాం. కేకు అలా కాదు కదా! ఒకసారి ఓవెన్‌లోకి వెళ్ళాక మూత తీసి రుచి చూసి దిద్దుకునే వీలు లేదు. మైదా పావు కప్పు ఎక్కువైతే గట్టిపడుతుంది, చక్కెర ఎక్కువైతే నడుమ కుంగిపోతుంది. అందుకే దీనికి లెక్క కావాలి.

ఆ లెక్కను మామూలు ఇల్లాలి చేతికి అందించిన మనిషి అమెరికాలోని బోస్టన్‌లో ఉండేది. పేరు ఫానీ మెరిట్ ఫార్మర్. ఆవిడ పుస్తకం కాగితం అట్టది ఒకటి, ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల మధ్య నాకు దొరికింది. వంటల కోసమని కొన్నాను గానీ, రాసిన మనిషి గురించి తెలిసిన కొద్దీ వంటల కంటే ఆవిడ జీవితమే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

పదహారేళ్ళకే మంచాన పడి...

ఫానీ 1857 మార్చి 23న బోస్టన్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. తండ్రి జాన్ ఫార్మర్ ప్రింటింగు పని చేసేవాడు. డబ్బున్న ఇల్లు కాదు గానీ, ఆడపిల్లలు చదువుకోవాలని గట్టిగా అనుకున్న ఇల్లు. పెద్దపిల్లని కాలేజీకి పంపాలని వాళ్ళ ఆశ. మెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో హైస్కూల్లో చదువుతుండగా పదహారో ఏట ఆ పిల్లకి పక్షవాతం లాంటి జబ్బు చేసింది. పోలియో అయి ఉంటుందని తర్వాతి వాళ్ళు అనుకున్నారు. కాళ్ళు పడిపోయాయి. కొన్నేళ్ళపాటు నడవలేదు. చదువు అక్కడితో ఆగిపోయింది.

నలుగురు ఆడపిల్లలున్న ఇంట్లో పెద్దది మంచాన పడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. బోస్టన్ అయినా గౌలిగూడ అయినా చుట్టాల మాటలు ఒకే తీరుగా ఉంటాయి. పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తరు. ఉద్యోగం సంగతి అసలే ఎత్తరు. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండిపోయింది. లేచి తిరిగే శక్తి మెల్లగా వచ్చాక కుంటుతూనే వంటింట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో డబ్బిచ్చి ఉండే అతిథులకి భోజనాలు పెట్టేవాళ్ళు. ఆ భోజనానికి మంచి పేరొచ్చింది.

ముప్ఫై ఏళ్ళ వయసులో షా అనే కుటుంబంలో ఇంటిపనికీ వంటకీ సాయంగా చేరింది. ఆ ఇంటి చిన్నపిల్ల మార్షా గురించి ఒక కథ చెబుతారు. కోడిగుడ్డంత వెన్న, గుప్పెడు పిండి అని పుస్తకంలో ఉంటే, ఏ గుడ్డంత, ఎవరి గుప్పెడు అని ఆ పిల్ల అడిగిందట. అప్పుడే ఫానీకి కచ్చితమైన కొలతల ఆలోచన తట్టిందంటారు. కథ కథగానే ఉండనివ్వండి. కోడిగుడ్డంత వెన్న అనే మాట మాత్రం అప్పటి పుస్తకాల్లో నిజంగానే ఉండేది, మన ఉసిరికాయంత చింతపండు లాగే. మన అమ్మమ్మలకి ఆ మాట చాలు, ఎందుకంటే పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నారు. చూపించేవాళ్ళు లేని పిల్ల ఏం చేయాలి? తల్లి లేనిది, ఊరుగాని ఊరు వచ్చి కాపురం పెట్టింది, పరాయి ఇంట్లో కూలికి వండేది... వాళ్ళకి ఉసిరికాయంత అని చెబితే ఏం తెలుస్తుంది?

షా గారి ఇంటివాళ్ళే ఆమెని బోస్టన్ కుకింగ్ స్కూల్‌కి వెళ్ళమని ప్రోత్సహించారు. 1879లో అక్కడి మహిళల విద్యా సంఘం పెట్టిన బడి అది. వంట చేసి బతికే ఆడవాళ్ళకి పని నేర్పడానికి మొదలై, తర్వాత ఆహారంలో ఏముంది, వంటింటి శుభ్రత ఏమిటి అనే పాఠాలు కూడా చెప్పేది. ఫానీ 1889లో అక్కడ చదువు పూర్తి చేసింది. అప్పటికి 32 ఏళ్ళు! మనవైపు ఆ వయసుకి కూతురి పెళ్ళి చేసేసే కాలం అది. బడివాళ్ళు ఆమెని వెళ్ళనివ్వకుండా అక్కడే సహాయకురాలిగా ఉంచుకున్నారు. కొన్నేళ్ళలో ఆమే ప్రిన్సిపాల్ అయింది.

ఎవరూ నమ్మని పుస్తకం

1896లో ఫానీ తన బడి పేరు మీదే బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్ రాసింది. లిటిల్ బ్రౌన్ అనే ప్రచురణ సంస్థ దగ్గరికి తీసుకెళ్తే వాళ్ళకి నమ్మకం కలగలేదు. ఇంకో వంటల పుస్తకం ఎవరు కొంటారన్నది వాళ్ళ అనుమానం. చివరికి 3,000 ప్రతులే వేస్తామన్నారు, అదీ ఖర్చు ఆవిడే పెట్టుకుంటే. పెట్టుకుంది. డబ్బు తనదే కాబట్టి హక్కులూ తన దగ్గరే ఉంచుకుంది. ఆ పుస్తకం ఆవిడ బతికి ఉండగానే లక్షల్లో అమ్ముడుపోయింది. ఆవిడ బతుకుతెరువుకి ఇక ఎవరి మీదా ఆధారపడాల్సిన పని లేకపోయింది. వ్యాపారులు అనుమానపడటం కూడా ఒక్కోసారి ఆడవాళ్ళకి కలిసొస్తుంది మరి!

న్యాయంగా చెప్పాలంటే కొలతలు కనిపెట్టింది ఫానీ కాదు. అదే బడికి అంతకుముందు ప్రిన్సిపాల్‌గా చేసిన మేరీ లింకన్ 1884లోనే తన పుస్తకంలో కప్పులూ చెంచాలూ వాడింది. ఫానీ ఆమె దగ్గర తీసుకున్నది చాలా ఉంది. ఫానీ పట్టుబట్టింది ఒక్క మాట మీద. కప్పయినా చెంచా అయినా పైన చాకుతో గీసి సమం చేయాల్సిందే. కుప్ప లేదు, గోపురం లేదు.

పద్ధతి ఇలా చెప్పింది. మైదాను ముందు జల్లించాలి. చెంచాతో తీసి కప్పులోకి కొద్దిగా పొంగేలా నింపాలి. కప్పుని కుదపకూడదు, తట్టకూడదు. అప్పుడు చాకుతో పైన గీసేయాలి. అరచెంచా కావాలంటే నిండు చెంచాను చాకుతో సమం చేసి, నిలువుగా సగానికి గీసి ఒక సగం తీసేయాలి. పావు కావాలంటే ఆ సగాన్ని అడ్డంగా గీయాలి. ఇప్పుడు ఒక తీగకి గుచ్చిన నాలుగైదు చెంచాలు బజార్లో దొరుకుతున్నాయి కాబట్టి మనకి ఈ అవస్థ లేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఒక చెంచా, ఒక చాకు ఉంటే చాలన్నదే ఆవిడ లెక్క.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న పట్టిక. ఏ వస్తువు ఎన్ని కప్పులైతే ఒక పౌను తూగుతుందో అందులో ఉంది. పౌను అంటే మన 454 గ్రాములు. వెన్న గట్టిగా నొక్కి నింపితే రెండు కప్పులు ఒక పౌను. చక్కెర కూడా రెండు కప్పులు. జల్లించిన మైదా అయితే నాలుగు కప్పులు. పెద్ద కోడిగుడ్లు తొమ్మిది. అంటే ఒకే కప్పులో వెన్న 227 గ్రాములు పడితే, మైదా సరిగ్గా అందులో సగం, 113 గ్రాములే పడుతుందన్నమాట. కప్పు ఒకటే, బరువులు వేరు! ఒక కప్పుకి ఇన్ని గ్రాములు అని అన్నిటికీ ఒకే అంకె చెప్పడం కుదరదని ఆ పట్టిక చూస్తే తెలిసిపోతుంది. పాత పుస్తకాల్లో పౌనులు చదివి కాటా లేక తలపట్టుకున్న ఇల్లాలికి అది దారి చూపించింది.

కొలిచేవీ తూచేవీ మనకూ ఉన్నాయి

మనకిది కొత్త విషయం కాదు. కొలవడం వేరు, తూచడం వేరు అని తెలుగులో రెండు మాటలున్నాయి. మనవాళ్ళు బియ్యం కొలిచేవారు, బెల్లం తూచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. చింతపండుకీ బెల్లానికీ వీశెలు. శేరు అనే మాట చూడండి, కొలతకీ అదే, తూకానికీ అదే. శేరు బియ్యం అంటే కొలిచినవా తూచినవా అన్నది ఊరిని బట్టి, కొట్టుని బట్టి ఉండేది. కుప్పగా పోయమని కొనేవాళ్ళు, చేత్తో గీసేసి పోసే అమ్మేవాళ్ళు... ఈ పంచాయితీ మా గౌలిగూడ ముసలమ్మలు కథలు కథలుగా చెప్పేవారు. 1956లో మెట్రిక్ చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి కిలోలు, లీటర్లు అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాక కొట్లో గొడవ సద్దుమణిగింది. వంటింట్లో మాత్రం సోలా గిద్దా చాలాకాలం అలాగే ఉండిపోయాయి.

మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మైదా, చక్కెర, డాల్డా ఇంటి నుంచే పట్టుకెళ్ళి, బేకరీ బట్టీలో బిస్కట్లు చేయించుకుని డబ్బాల్లో నింపి తెచ్చుకునేవాళ్ళం. బట్టీ దగ్గరి మనిషి ప్రతిదీ కాటా మీద పెట్టేవాడు. మా పక్కింటి భాభీ మాత్రం ఇంట్లో స్టీలు గ్లాసుతో కొలిచి తెచ్చేది. ఇద్దరిదీ వాదన. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే గానీ, ఒకరి లెక్క ఇంకొకరికి పనికొచ్చేది కాదు. ఫానీ పట్టిక అప్పుడు మా గల్లీలో ఉండి ఉంటే బాగుండేది!

ఔన్సుతో ఇంకో తిరకాసు ఉంది. పాలసీసా మీద గీతలుంటాయే, ఆ ఔన్సు ద్రవానిది. దాదాపు 30 మిల్లీలీటర్లు. తూకం ఔన్సు వేరు, 28 గ్రాములు. ఎనిమిది ఔన్సుల పాలు అంటే ఒక కప్పు సరిపోతుంది. ఎనిమిది ఔన్సుల మైదా అని రాసి ఉంటే అది ఇంచుమించు రెండు కప్పులు. ఇది తెలియక పాలసీసా గీత చూసి మైదా పోస్తే ఆ కేకు కేకు కాదు, జావ.

ఈ రోజుల్లో గౌలిగూడ నుంచి నాలుగడుగులు వేస్తే బేగంబజారు. గిన్నెల కొట్లలో కప్పుల సెట్లు కావలసినన్ని. కొనేముందు అడుగున చూడండి. కొన్నిటి మీద 240 మి.లీ. అని, కొన్నిటి మీద 250 అని ఉంటుంది. అమెరికా కప్పు 237, దాన్నే 240 అనుకుంటారు. 250ది మెట్రిక్ కప్పు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో అరపింటు అంటే 284. పుస్తకం ఏ దేశానిదో చూసుకుని మొదలుపెట్టాలి. పెద్దచెంచా 15 మి.లీ., చిన్నచెంచా 5. ఆస్ట్రేలియా పుస్తకమైతే పెద్దచెంచా 20!

240 మి.లీ. కప్పుతో, చెంచాతో నింపి పైన గీసిన లెక్క ఇప్పుడు వాడేది ఇది. మైదా సుమారు 120 నుంచి 125 గ్రాములు. చక్కెర 200. పొడి చక్కెర 120. వెన్న 227. పాలు 240 పైచిలుకు. నూనె 220కి కాస్త అటూ ఇటూ. తేనె మాత్రం 340 దాకా తూగుతుంది. ఫానీ పట్టికలో చక్కెర కప్పు 227 గ్రాములైతే ఇప్పటి పుస్తకాల్లో 200. అందుకే ఆవిడ వంటకానికి ఆవిడ పట్టికే వాడాలి, వేరే పుస్తకం అంకె తెచ్చి కలపకూడదు. అదే మైదాని కప్పుతో డబ్బాలోంచి తోడేసి నొక్కితే 140 దాటుతుంది, 150 కూడా అవుతుంది. రెండు కప్పుల దగ్గరే యాభై గ్రాముల తేడా! వెన్న సంగతి కూడా చెప్పాలి. అమెరికా పుస్తకాల్లో ఒక స్టిక్ అంటే 113 గ్రాములు. మన ప్యాకెట్ 100 గ్రాములది, ఒకటికి ఒకటి సరిపోదు. గుడ్లు చిన్నవైతే లెక్కపెట్టకుండా పగలగొట్టి తూచుకోవడం మేలు, ఒక్కోటి యాభై గ్రాముల చొప్పున.

నా మటుకు నాకు మైదా దగ్గర కాటా మీదే నమ్మకం. ఉప్పు, వంటసోడా, బేకింగ్ పౌడర్ దగ్గర మాత్రం చెంచానే. వంటింటి చిన్న కాటా మీద రెండు మూడు గ్రాములు సరిగ్గా పలకవు. బేకరీలు కాటా వదలకపోవడానికి కారణముంది, మన ఇళ్ళలో కప్పు వదలకపోవడానికీ కారణముంది. ఫానీ ఆ రెండింటికీ పొత్తు కుదిర్చింది.

రోగి పళ్ళెం దగ్గర

ఇంత కొలత ఎందుకు, వంటంటే చేతి మహిమ కదా అని ఫానీని ఆక్షేపించినవాళ్ళు ఆ తర్వాత చాలామందే వచ్చారు. వంటని లేబొరేటరీ చేసేసింది, రుచిని చంపేసింది అన్నారు. నేనీ మాట ఒప్పుకోను. చేతి మహిమ ఉన్నవాళ్ళకి పుస్తకమే అక్కర్లేదు. పుస్తకం లేనివాళ్ళ కోసం, నేర్పేవాళ్ళు లేనివాళ్ళ కోసం. పైగా ఆవిడ కాలంలో ఓవెన్లకి వేడి చూపించే అంకెలు కూడా లేవు. బొగ్గులు, కట్టెలు పెట్టి చేత్తో వేడి పట్టుకుని చూసే రోజులు. ఒక పక్క అంత అందాజు ఉన్నప్పుడు రెండో పక్కన్నా కచ్చితంగా ఉండాలనుకోవడంలో తప్పేముంది?

1902లో ఆవిడ ఆ బడి వదిలేసి, మిస్ ఫార్మర్స్ స్కూల్ ఆఫ్ కుకరీ అని సొంత బడి పెట్టింది. ఇక్కడ వంటవాళ్ళ కంటే ఇల్లాళ్ళకీ నర్సులకీ ఎక్కువగా నేర్పింది. 1904లో రోగులకీ కోలుకుంటున్నవాళ్ళకీ వండే పద్ధతుల మీద ఒక పుస్తకం రాసింది. పేరు తెచ్చింది మొదటి పుస్తకమే అయినా ఆవిడ మనసులో పెద్దపీట దీనికే. అర్థం చేసుకోవచ్చు. ఏళ్ళ తరబడి మంచం మీద పడుకుని, ఎవరో తెచ్చిపెట్టిన పళ్ళెం కోసం చూసిన మనిషి కదా! రోగికి పెట్టేది కొంచెమే అయినా చూడగానే తినాలనిపించాలన్నది ఆవిడ పట్టుదల. నర్సులకి పాఠాలు చెప్పింది, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో కూడా ఈ విషయం మీద ఉపన్యాసాలిచ్చింది.

ఆ పుస్తకంలో మధుమేహం ఉన్నవాళ్ళ ఆహారం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఇన్సులిన్ ఇంకా రాలేదు, అది 1921లో కనిపెట్టారు. అప్పటిదాకా ఆ రోగికి మందంటే పళ్ళెంలో ఏది ఎంత పెట్టాలన్నదే. అక్కడ గుప్పెడు అంటే కుదరదు. ఆ జబ్బుకి వైద్యంలో తర్వాత ఎంతో పేరు పొందిన డాక్టర్ ఇలియట్ జోస్లిన్, తాను ఆ విషయం మీద రాయడానికి ఫానీ ప్రేరణ అని చెప్పుకున్నాడు. మన ఇళ్ళలో అత్తయ్యకి అన్నం కప్పుతో కొలిచి పెడుతున్న కోడళ్ళు ఎంతమంది లేరు! కేకు కోసం పుట్టిన కప్పు అక్కడిదాకా వెళ్ళింది.

చెల్లెలు కోరాతో కలిసి దాదాపు పదేళ్ళు ఉమన్స్ హోమ్ కంపానియన్ అనే పత్రికలో వంటల శీర్షిక నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. వయసు యాభై దాటాక జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. చివరి ఏడేళ్ళూ చక్రాల కుర్చీలోనే. అయినా పాఠాలు ఆపలేదు. కుర్చీని వేదిక మీదికి తోసుకెళ్తే, కూర్చునే ఉపన్యాసం చెప్పేది. ఆఖరి ఉపన్యాసం చనిపోవడానికి పది రోజుల ముందు. 1915 జనవరిలో బోస్టన్‌లో కన్నుమూసింది. 57 ఏళ్ళు.

1919లో ఆవిడ పేరు కొద్దిగా మార్చి ఫానీ ఫార్మర్ క్యాండీ అని ఒక మిఠాయి కంపెనీ వచ్చింది. చాలామంది ఆవిడే పెట్టిందనుకుంటారు, ఆవిడకీ దానికీ ఏ సంబంధమూ లేదు. వంటల పుస్తకాన్ని మాత్రం చెల్లెలు కోరా, ఆ తర్వాత ఆ ఇంటి కోడలు విల్మా పెర్కిన్స్ తిరగరాస్తూ వచ్చారు. 1979లో మేరియన్ కన్నింగ్‌హామ్ చేతి మీదుగా మళ్ళీ కొత్తగా వెలువడింది. ఫానీ పెట్టిన బడి ఆవిడ పోయాక కూడా 1944 దాకా నడిచింది.